తొడిమ దగ్గర పచ్చ

రండి, ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చోండి. పుష్యమాసపు చలి మా వైపు గట్టిగానే ఉంటుంది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కదా, పొద్దు గుంకితే వాకిట్లో నాలుగు కట్టెలు రాజేసుకోవలసిందే. ఇప్పుడే నిప్పుల మీద ఓ అరడజను టమోటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు పెట్టాను. తోలు చిటపటలాడుతోంది, వింటున్నారా? అవి కాలేలోపు వాటి కబుర్లే చెప్పుకుందాం.

ఇవి అంగట్లో కొన్నవి కావు. మా చిన్నమ్మ పల్లె నుంచి కొంగున మూటగట్టుకుని తెచ్చింది. పెరట్లో అంట్లు తోమే చోట ఎవరూ నాటకుండానే మొలిచిన చెట్ల కాయలు. నిమ్మకాయంత ఉంటాయి, అంతే. గుమ్మడికాయకు ఉన్నట్టు ఒంటినిండా గాళ్ళు, పండినా తొడిమ చుట్టూ పోని పచ్చ. సంతలో పెడితే బేరమాడేవాళ్ళు కూడా ఉండరు. చిన్నమ్మ మాత్రం ఒక కాయ తీసి నా ముక్కు దగ్గర పెట్టి, "వాసన చూడు మే, టమోటా అంటే ఇదీ" అంది.

ఆ వాసన నాకు తెలుసు. బడి నుంచి వచ్చేదారిలో తోటలో దూరి, కాయను చొక్కాకు తుడుచుకుని కొరికిన రోజుల వాసన అది. చెట్టును తాకితే చాలు, ఆకుల మీది సన్నటి నూగు చేతికి పసరులా అంటుకుని, సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా పోయేది కాదు. ఇప్పుడు మా వంటింటి బుట్టలో కిలోల కొద్దీ టమోటాలున్నా ఆ వాసన మాత్రం లేదు. అది ఎక్కడికి పోయింది? దాంతోపాటు ఇంకేమైనా పోయిందా? పాతదంతా మంచిదనే మమకారం కొద్దీ నాకు అలా అనిపిస్తోందా? ఈ ప్రశ్నలు పట్టుకుని చాలా రోజులు చదివాను. తెలిసినంతలో మీతో పంచుకుంటాను.

ముందు ఊరూ పేరూ చూద్దాం. మన పెద్దవాళ్ళు టమోటాను రామములగ అనేవారు. కోస్తా జిల్లాల్లో రామములక్కాయ అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. చేల గట్ల మీద పాకే నేలములక తెలుసు కదా, ముళ్ళూ ఊదారంగు పువ్వులూ ఉండే మొక్క? ఎక్కడినుంచో వచ్చిన ఈ కొత్త కాయను మనవాళ్ళు చూడగానే ములకల చుట్టమని గుర్తుపట్టి, ముందు రాముడి పేరు తగిలించి ఇంట్లోకి పిలుచుకున్నారు. అచ్చంగా అదే మాట 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ వృక్షశాస్త్రవేత్త అన్నాడు. వంకాయ, ఆలుగడ్డ, ములక ఉండే సొలానమ్ జాతిలోనే దీన్నీ చేర్చాడు. తర్వాత ఇంగ్లండులో ఫిలిప్ మిల్లర్ దీన్ని విడదీసి వేరు కాపురం పెట్టించాడు. రెండువందల ఏళ్ళు పైగా అలా గడిచాక, డీఎన్ఏ పరీక్షలు వచ్చి మళ్ళీ సొలానమ్‌లోకే చేర్చాయి. రామములగ అన్న మన అవ్వలు చూపుతోనే చెప్పిన చుట్టరికం అది.

దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పెరూ, ఈక్వడార్, చిలీ దేశాల్లో ఆండీస్ కొండలకూ సముద్రానికీ మధ్యనున్న నేల. అక్కడ ఇప్పటికీ అడవి టమోటాలు తీగల్లా పాకుతుంటాయి. మన టమోటాకు అందరికన్నా దగ్గరి పూర్వీకురాలి పేరు సొలానమ్ పింపినెల్లిఫోలియమ్. పేరు చూసి భయపడకండి, కాయ మాత్రం మన కామంచి పండుకన్నా కాస్త పెద్దది. ఒక్కోటి ఒకటి రెండు గ్రాముల బరువు, ఎర్రటి పూసలాంటి రంగు. నోట్లో వేసుకుంటే తీపీ పులుపూ ఒకేసారి తగులుతాయి. ఈ పూసల్ని మెక్సికో ప్రజలు తరతరాలుగా ఏరి ఏరి పెంచి పెద్ద కాయ చేశారు. వాళ్ళ నావాటిల్ భాషలోని 'టొమాట్ల్' అనే మాటే మన నోట టమోటా అయింది. పదహారో శతాబ్దంలో స్పెయిన్ ఓడలెక్కి ఐరోపా చేరింది. 1544లో ఇటలీలో మత్తియోలి అనే వైద్యుడు దీని గురించి రాశాడు. ఆ తర్వాత ఇటలీవాళ్ళు దీన్ని బంగారు పండు అన్నారు. అంటే అక్కడ మొదట్లో చూసినవి పసుపు రంగు కాయలు కావచ్చు.

ఆ అడవి జాతుల్లో అన్నీ ఎర్రగా పండవు. కొన్ని పండినా పచ్చగానే ఉంటాయి. పసిఫిక్ సముద్రంలోని గలాపగోస్ దీవుల్లో ఉండేవి నారింజ రంగులో మెరుస్తాయి. వాటి కథ ఒకటి చెప్పాలి. కాలిఫోర్నియాలో చార్లెస్ రిక్ అనే ఆచార్యుడుండేవాడు. 1915లో పుట్టి 2002 దాకా బతికాడు, ఆ జీవితమంతా టమోటాలకే ఇచ్చాడు. ఆండీస్ లోయలన్నీ తిరిగి అడవి గింజలు పోగుచేశాడు. గలాపగోస్ నుంచి తెచ్చిన గింజలు ఎంత తంటాలు పడ్డా మొలకెత్తలేదు. ఆ దీవుల్లో ఈ పళ్ళను తినేదెవరా అని ఆలోచించి, అక్కడి పెద్ద తాబేళ్ళకు తినిపించి చూశాడు. తాబేలు కడుపులోంచి రోజుల తరబడి మెల్లగా ప్రయాణించి బయటపడ్డ గింజలు చక్కగా మొలిచాయి! బౌమన్ అనే సహచరుడితో కలిసి 1961లో ఈ సంగతి లోకానికి చెప్పాడు.

ఈ తాబేలు కథ నాకు ఎందుకంత ఇష్టమంటే, కాయలో రంగూ రుచీ వాసనా ఎందుకున్నాయో అందులోనే తెలుస్తుంది. చెట్టు తన గింజల్ని దూరం పంపుకోవాలి. గింజ ముదిరేదాకా కాయ పచ్చగా, వగరుగా ఉండి ఎవరినీ దగ్గరికి రానివ్వదు. ముదిరాక ఎరుపెక్కి, కమ్మటి వాసన వేసి, వచ్చి తినమని పిలుస్తుంది. ఇక ఎండ సంగతి. కొండల ఎండలో మాడిపోకుండా తోలులో ఒక రకం పదార్థాల్ని దాచుకుంటుంది, ఆకులో, కాయలో ఇంకో రకం. ఇవాళ మందుల అంగట్లో పెద్ద అక్షరాలతో కనబడే యాంటీ ఆక్సిడెంట్లు అంటే ఇవే. ముందుగా ఆ చెట్టు తనకోసం, తన బిడ్డల కోసం చేసుకున్న సంరక్షణ అది. మనం అందులో పాలుపంచుకుంటున్నాం.

యాంటీ ఆక్సిడెంట్ అనే మాటకు అర్థం వంటింట్లోనే ఉంది. వంకాయ కోసి ఉప్పునీళ్ళలో వేస్తాం కదా, ఎందుకు? బయట ఉంచితే ఘడియలో నల్లబడుతుంది. కోసినచోట గాలిలోని ఆక్సిజన్ తగిలి జరిగే పని అది. మనల్ని బతికించే ఆక్సిజనే అదుపు తప్పితే కణాన్ని గాయపరుస్తుంది కూడా. ఎండ ఎక్కువైనప్పుడు ఆకులోనూ, ఊపిరి పీల్చే ప్రతి ప్రాణి ఒంట్లోనూ అలాంటి దుడుకు ఆక్సిజన్ పుడుతూనే ఉంటుంది. దాని దుడుకును తనమీద వేసుకుని చల్లార్చే పదార్థాలే యాంటీ ఆక్సిడెంట్లు.

టమోటాలో అలాంటివాటిలో పెద్దది లైకోపీన్. ఎరుపంతా అదే. నలభై కార్బన్ పరమాణువుల పొడుగాటి గొలుసు. జర్మనీలో డి మాషియో, కైజర్, సీస్ అనే ముగ్గురు 1989లో దీన్ని పరీక్షించి, ఒక రకం దుడుకు ఆక్సిజన్‌ను చల్లార్చడంలో ఇది క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌కన్నా దాదాపు రెండింతల సమర్థమైనదని చూపించారు. ఆ బీటా కెరోటిన్ కూడా టమోటాలో కొంత ఉంటుంది. గలాపగోస్ కాయల నారింజ రంగు దానిదే, మన ఒంట్లో అది ఎ విటమిన్‌గా మారుతుంది. లైకోపీన్ అలా మారదు. ఆపైన సి విటమిన్ ఉంది, వంద గ్రాముల పండులో పదమూడు పద్నాలుగు మిల్లీగ్రాములు. ఇక తోలులో ఫ్లేవనాయిడ్లు. రూటిన్ అనేదొకటి, నరింజెనిన్ చాల్కోన్ అనేదొకటి. రెండోదాని పేరులో మన నారింజ వినిపిస్తోందా? ఆ మాట నుంచి పుట్టిన పేరే అది. టమోటా తోలు ఒలిచి వెలుతురుకు పట్టి చూడండి, లేత పసుపుగా కనబడుతుంది. ఆ పసుపు దీనిదే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. అడవిదా, నాటుదా, అంగటిదా, ఎందులో ఎక్కువ?

అడవి పూసల్లోని కొన్ని రకాల్లో లైకోపీన్ మన అంగటి టమోటాకన్నా కొన్ని రెట్లు ఎక్కువ. ఒక కారణం చాలా సులువైనది. గుప్పెడు పూసల బరువుకు ఎంత తోలుంటుందో, అంతే బరువున్న ఒక్క పెద్ద కాయకు ఎంత తోలుంటుందో ఊహించండి. తోలులో దాగే పదార్థాలు చిన్నకాయలో ఎక్కువ పాలు ఉంటాయి. చెర్రీ టమోటాలకూ ఈ లాభముంది. కాయ పెరిగినకొద్దీ లోపల నీరు పెరుగుతుంది. నూటికి తొంభై నాలుగు పాళ్ళు నీరే.

రెండో కారణం ఇదిగో, ఈ పచ్చ. చిన్నమ్మ కాయలకు తొడిమ చుట్టూ ఉన్న ఈ ముదురు పచ్చ. గత శతాబ్దంలో అమెరికాలో కాయంతా ఒకే లేతపచ్చగా ఉండి, ఒకేసారి రంగు తిరిగే రకం ఒకటి దొరికింది. ఏ కాయ కోతకొచ్చిందో చూడగానే తెలిసిపోతుంది, పెట్టెలో పేర్చితే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. రైతులూ వ్యాపారులూ సంతోషించారు. ప్రజననం చేసేవాళ్ళు దశాబ్దాల పాటు ఆ గుణాన్నే ఎంచి కొత్త రకాల్లో పెడుతూ వచ్చారు. 2012లో ఆన్ పావెల్ బృందం 'సైన్స్' పత్రికలో దాని లోగుట్టు విప్పింది. ఆ ముదురు పచ్చను పెంచే జన్యువు ఒకటుంది. అది బాగా పనిచేస్తే పచ్చికాయలో పత్రహరితం ఎక్కువగా కూడి, కాయ కూడా ఆకులాగా ఎండను పట్టుకుని కాస్త చక్కెర చేసుకుంటుంది. ఆ పచ్చటి అరలే పండినప్పుడు ఎర్రటి అరలుగా మారి లైకోపీన్‌ను నింపుకుంటాయి. అందరూ మెచ్చిన రకంలో ఆ జన్యువు చెడిపోయి ఉంది. అంటే మనం చూపుకు నచ్చలేదని తీసేసిన పచ్చతోనే కొంత తీపి, కొంత ఎరుపు పోయాయి. ఎవరూ కావాలని చేయలేదు. తెలియక జరిగింది. ఈ సంగతి చదివిన రోజు నేను వంటింట్లోకి వెళ్ళి బుట్టలోని కాయల తొడిమలన్నీ తిప్పి తిప్పి చూశాను.

మూడోది, నిలవ గుణం. పండటాన్ని ఆలస్యం చేసే మరో గుణాన్ని చాలా హైబ్రిడ్లలో పెట్టారు, లారీలో దూరం పోయినా కాయ మెత్తబడకుండా. పండటం నెమ్మదిస్తే రంగూ వాసనా కూడా వెనకబడతాయి. దానికి తోడు కాయను దోరగానే కోస్తారు.

ఇంత చెప్పాక, అంగటి టమోటాను తిట్టడానికి నాకు నోరు రాదు. మదనపల్లె మండీలో తెల్లారుజామున నిలబడి చూసినవాళ్ళెవరికీ రాదు. ఇక్కడ లారీకెక్కిన కాయ రోజుల తరబడి ప్రయాణించి ఎక్కడో ఉత్తరాదిన దిగాలి. చిన్నమ్మ కాయలు అనంతపురం దాటేలోపే రసమైపోతాయి. 2023 జూలైలో కిలో వంద దాటి పలికింది ఈ ఊళ్ళోనే, కోత కూలి కూడా రాక రైతు రోడ్డు పక్కన పారబోసిన ఏళ్ళను చూసిందీ ఈ ఊరే. అలాంటి బతుకులో చీడకు తట్టుకునే, ఎక్కువ కాసే, దెబ్బకు ఓర్చుకునే రకం రైతుకు ప్రాణం. పైగా కొత్తవన్నీ బలహీనమని కూడా లేదు. రసానికీ, పేస్టుకూ వేసే కొన్ని రకాల్లో ఎరుపును పెంచే జన్యువును కావాలని పెట్టారు, వాటిలో లైకోపీన్ బాగానే ఉంటుంది. అందుకని నాటు అనగానే ఎక్కువ, హైబ్రిడ్ అనగానే తక్కువ అని ఒక గీత గీయలేం. దేనికోసం వెదికి పెంచామో అది పెరిగింది, దేన్ని అడగడం మరిచామో అది జారిపోయింది. నాకు అర్థమైంది అంతే.

ఇక అడవి జాతుల సాయం సంగతి. ఆకుముడత తెగులు వచ్చిన తోట చూశారా? ఆకులు చుట్టుకుపోయి చెట్టు గిడసబారి నిలబడుతుంది. ఆ తెగులుకు నిబ్బరించే జన్యువులు చిలీ, పెరూ అడవి జాతుల నుంచే వచ్చాయి. వేళ్ళను పీడించే నులిపురుగుకు విరుగుడూ ఒక పెరూ టమోటా నుంచే. 2012లో పద్నాలుగు దేశాల శాస్త్రవేత్తలు కలిసి టమోటా జన్యుపటం మొత్తం ప్రకటించారు, అందులో మన దేశమూ ఉంది. మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో టమోటా జన్యువుల కోసమే ఒక భాండాగారం నడుస్తోంది. చిలీ అడవి జాతి నుంచి ఊదా రంగును తెచ్చి, అమెరికాలో ఓరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో ఇండిగో రోజ్ అనే రకం విడుదల చేశారు. నేరేడు పండులో ఉండే ఆంథోసయనిన్లు ఆ టమోటా తోలులో ఉంటాయి. అక్కడ పెరటి తోటలు పెంచే చుట్టాలెవరైనా మీకుంటే అడిగి చూడండి. ఇలా అవసరం పడ్డప్పుడల్లా మనం ఆ అడవి తల్లి దగ్గరికే పోయి చెయ్యి చాస్తున్నాం.

ఒక్క నిమిషం, కాయలు తిప్పుతాను. తోలు నల్లబడి పగులుతోంది, రసం నిప్పుల మీద పడి ఎంత ఘుమాయిస్తోందో!

ఉడికిస్తే సారమంతా పోతుంది, పచ్చిగానే తినాలి అని ఈమధ్య చాలామంది చెబుతున్నారు. టమోటా విషయంలో అది సగమే నిజం. 2002లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు టమోటాను 88 డిగ్రీల దగ్గర ఉడికించి లెక్కలు తీశారు. అరగంటకు సి విటమిన్ 29 శాతం దాకా తగ్గింది. ఒంటికి అందగల లైకోపీన్ మాత్రం రెండున్నర రెట్లకు పైగా అయింది. మొత్తం యాంటీ ఆక్సిడెంట్ శక్తి 62 శాతం పెరిగింది. లైకోపీన్ కణాల గోడల వెనక చిక్కుకుని ఉంటుంది, వేడి ఆ గోడల్ని పడగొడుతుంది. అదీకాక అది నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. జర్మనీలో 1992లో టమోటా రసాన్ని కాస్త నూనెతో ఉడికించి తాగిస్తేనే రక్తంలో లైకోపీన్ పెరిగింది, ఉడికించని రసం తాగినప్పుడు పెరగలేదు.

ఇది చదివి నాకు మా ఇళ్ళ వంటలే కళ్ళముందు కదిలాయి. చెనిక్కాయ నూనెలో మగ్గించిన టమోటా ఊరుబిండి. సంగటి మీద గొజ్జు, పైన గరిటెడు నెయ్యి. తాలింపు వేసిన టమోటా పప్పు. నూనె తేలే నిలవ పచ్చడి. మన అవ్వలకు లైకోపీన్ పేరు తెలియదు. నూనెలో మగ్గితే టమోటా రంగు విడుస్తుందని, ఆ రంగు విడిచినప్పుడే కూరకు రుచి వస్తుందని తెలుసు. శాస్త్రవేత్తలు కొలిచింది ఆ రంగు విడవడాన్నే.

మీరు గుర్తుంచుకోవాలని నేను కోరేవి కొన్నే. తోలు తీసి పారేయకండి, చెట్టు దాచుకున్నదంతా అక్కడే ఎక్కువ. వండేటప్పుడు కాస్త నూనె ఉండాలి. సి విటమిన్ కోసం అప్పుడప్పుడూ పచ్చి ముక్కలూ తినండి. నడివేసవిలో పసుపు తిరిగిన టమోటాలు వస్తే మోసమనుకోకండి. ఎండ 30 డిగ్రీలు బాగా దాటితే కాయలో లైకోపీన్ తయారీ కుంటుపడి నారింజ రంగే మిగులుతుంది. చలికాలపు కాయ అందుకే అంత ఎర్రన.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఇదంతా విని మాత్రల డబ్బా కొనకండి. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ళ మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది. బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. టమోటా తింటే క్యాన్సర్ రాదనే హామీ కూడా ఎవరూ ఇవ్వలేరు. ఎన్నో పదార్థాలు కలిసి ఉన్న పండు వేరు, అందులోంచి ఒక్కదాన్ని పిండి తీసిన మాత్ర వేరు. మనకు కావలసింది కంచంలో ఉంటే చాలు.

చివరిగా ఆ వాసన. 2006లో గాఫ్, క్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక మంచి సంగతి రాశారు. టమోటా సువాసనలో ముఖ్యమైనవన్నీ ఒంటికి అవసరమైన పదార్థాల నుంచే పుడతాయట. లైకోపీన్ విడివడితే ఒక వాసన, బీటా కెరోటిన్ విడివడితే ఇంకొకటి, కొవ్వు ఆమ్లాల నుంచి కొన్ని, ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాల నుంచి కొన్ని. లోపల ఏముందో కాయ తన వాసనతో చెబుతుందన్నమాట. 2017లో క్లీ బృందమే దాదాపు నాలుగువందల రకాల్ని పరీక్షించి, కొత్త రకాల్లో పదమూడు సువాసన పదార్థాలు బాగా తగ్గాయని చూపింది. 2019లో ఇంకొకటి దొరికింది. రుచికి సాయపడే ఒక అరుదైన జన్యురూపం అడవి పూసల్లో నూటికి తొంభైకి పైగా ఉంటే, పాత నాటు రకాల్లో నూటికి రెండింటిలోనే మిగిలింది. ఎక్కడో ఒక పెరట్లో, సంచిలో, సీసాలో ఉన్న గింజల్లో ఆ రెండు శాతం బతికి ఉంది.

కాయ ముక్కు దగ్గర పెట్టి "వాసన చూడు మే" అన్న చిన్నమ్మ పరీక్ష సరైనదే. రైతుబజారులో మీరూ ఆ పరీక్షే పెట్టండి. తొడిమ దగ్గర పచ్చ ఉన్నా, గాళ్ళున్నా, చిన్నదైనా పక్కకు నెట్టేయకండి. ఇది ఎక్కడిదని అమ్మే ఆమెను అడగండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా కొనండి. అడిగేవాళ్ళుంటేనే పండించేవాళ్ళుంటారు.

కాలాయి. మీరు తోలు మీది మసి మాత్రం దులిపి ఇటివ్వండి. రోట్లో ఉప్పు, వెల్లుల్లి, కాల్చిన మిరపకాయలు వేసి నేను నూరుతాను. సంగటి వేడిగా ఉంది, చెనిక్కాయ నూనె అక్కడే గిన్నెలో ఉంది.

అన్నట్టు రెండు కాయలు కాల్చకుండా పక్కన పెట్టింది చిన్నమ్మ. బాగా మాగాక వాటి గింజల్ని పొయ్యి బూడిదలో కలిపి, పాత గుడ్డ మీద పలచగా రాసి ఆరబెడుతుంది. ప్రతి ఏడూ ఆమె చేసేది అదే, అంతకుముందు వాళ్ళమ్మ చేసిందీ అదే. ఈసారి ఆ గుడ్డలో సగం చించి నాకిమ్మని అడిగాను. మీ ఇంట్లో ఒక కుండీకి చోటుంటే చెప్పండి, అందులో సగం మీకిస్తాను.